నూనె, నీరు విడిపోకుండా: ఇంట్లో క్రీమ్ చేసిన 11 బ్యాచ్‌ల డైరీ

మూడో రోజు ఉదయం మూత తీస్తే క్రీమ్ అడుగున నీళ్లు నిలబడి ఉన్నాయి. సీసా వంచి ఆ నీళ్లను చిన్న గిన్నెలోకి వంపి తూకం వేశాను: 9.2 గ్రాములు. నేను పోసిన నీళ్లు 40 గ్రాములు. అంటే దాదాపు నాలుగో వంతు బయటికి వచ్చేసింది. ఆ తూకం నుంచే ఈ డైరీ మొదలుపెడుతున్నాను. అంతకుముందు రాసుకున్నవాటిలో అంకెలు లేవు, అవి ఎవరికీ పనికిరావు.

పద్ధతి ఇది. చివరిది తప్ప ప్రతి బ్యాచ్ 100 గ్రాములు. ప్రతి సీసా మీద బ్యాచ్ నంబరు, చేసిన రోజు రాసి 1, 3, 7, 15, 30వ రోజుల్లో తప్పకుండా, మధ్యలో అప్పుడప్పుడూ చూశాను. 30 రోజులు నీరు గానీ నూనె గానీ విడిపోకుండా, బూజు పట్టకుండా, వాసన మారకుండా, చేతికి పలుకులు తగలకుండా ఉంటేనే "నిలిచింది" అని రాశాను. చేసిన రోజు అన్ని క్రీములూ బాగానే కనిపిస్తాయి. మొదటి నెలలో నేను మోసపోయింది అక్కడే.

పనిముట్లు

0.01 గ్రాము వరకు చూపే తూకం, సూది థర్మామీటర్, వేడి తట్టుకునే గాజు బీకర్లు రెండు, హ్యాండ్ బ్లెండర్, సిలికాన్ గరిట, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) స్ట్రిప్‌లు, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న స్ప్రే సీసా. వేడి చేయడానికి వెడల్పు గిన్నెలో నీళ్లు మరిగించి, రెండు బీకర్లనూ అందులో నిలబెట్టాను. నేరుగా మంట మీద పెట్టకండి. నూనె ఎంత త్వరగా వేడెక్కుతుందో అంచనా దొరకదు.

వీటిలో ముందు కొనాల్సింది తూకం. ఎందుకో రెండో దశలో చెప్తాను.

దశ 1: తేనెమైనం (బ్యాచ్ 1, 2)

బ్యాచ్ 1: తేనెమైనం 15 గ్రా., బాదం నూనె 45 గ్రా., డిస్టిల్డ్ వాటర్ 40 గ్రా. మైనం, నూనె కరిగించి, వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ బ్లెండ్ చేశాను. గోరువెచ్చగా ఉన్నప్పుడు తెల్లగా, నున్నగా వచ్చింది. మర్నాటికి పైన చెమట పట్టినట్టు చుక్కలు. మూడో రోజుకి పైన చెప్పిన 9.2 గ్రాములు.

తేనెమైనం ఎమల్సిఫయర్ (నూనెనీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం) కాదు. అది గట్టిపడుతూ నీటి చుక్కలను మధ్యలో ఇరికించి పెడుతుంది, అంతే. చుక్కకీ నూనెకీ మధ్య దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో వైద్యుడు గాలెన్ పేరుతో ప్రసిద్ధమైన క్రీమ్ కూడా మైనం, ఆలివ్ నూనె, గులాబీ నీటి మిశ్రమమే. ఒంటికి రాయగానే అందులోని నీరు విడిపోయి ఆవిరవుతూ చల్లగా తగులుతుంది కాబట్టి దానికి కోల్డ్ క్రీమ్ అనే పేరు నిలిచింది. అంటే చల్లదనానికి కారణం నీరు గట్టిగా బంధించబడకపోవడమే. తరవాతి కాలంలో దీనికి బోరాక్స్ అనే క్షార లవణం కలిపారు. బోరాక్స్ తేనెమైనంలోని ఆమ్లాలతో కలిసి సబ్బుగా మారుతుంది, ఆ సబ్బే ఎమల్సిఫయర్ పని చేస్తుంది. నేను ఆ దారిలో వెళ్లలేదు. క్రీమ్ క్షార గుణంలోకి పోతుంది. పైగా బోరాక్స్ లాంటి బోరేట్లను యూరోపియన్ యూనియన్ సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టింది. రోజూ ఒంటికి రాసుకునేదానిలో అది నాకు వద్దు.

బ్యాచ్ 2: 3 గ్రాముల ద్రవ లెసిథిన్ అనే సహజ ఎమల్సిఫయర్ కలిపాను. రంగు గోధుమ, చేతికి జిగురు. అయిదో రోజుకి విరిగింది. దీని గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు.

ఇప్పటిదాకా: 2 బ్యాచ్‌లు, 200 గ్రాములు. నిలిచినవి 0.

దశ 2: ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ (బ్యాచ్ 3, 4, 5)

ఇది సెటియరిల్ ఆల్కహాల్, పాలీసార్బేట్ 60 కలిపి చేసిన తెల్లటి పలుకుల మైనం. పేరులో మైనం ఉన్నా దీనికీ తేనెమైనానికీ పోలిక లేదు. పాలీసార్బేట్ అణువులో ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస నూనెను. ఆ అణువులు నూనె చుక్క చుట్టూ వరసగా నిలబడి, పక్క చుక్కతో కలిసిపోకుండా అడ్డుకుంటాయి. నూనె, నూనెలో కరిగే మైనాలు అన్నీ కలిపి ఎంత బరువో, అందులో నాలుగో వంతు ఈ వ్యాక్స్ వేయాలన్నది మొదలుపెట్టేవాళ్లకు మంచి లెక్క.

బ్యాచ్ 3: ఆ లెక్క తెలిసి కూడా చెంచాతో కొలిచాను. నాలుగో రోజు అడుగున నీటి పొర. కారణం వెతుకుతూ అదే చెంచాతో వ్యాక్స్ పలుకుల్ని మూడుసార్లు తీసి తూకం వేశాను: 2.6, 3.4, 3.9 గ్రాములు. అదే చెయ్యి, అదే చెంచా, తేడా 1.3 గ్రాములు. 20 గ్రాముల నూనెకు నాకు కావాల్సింది 5 గ్రాములు. అంటే ఆ రోజు వేసింది ఎంతైనా, చాలినంత అయితే కాదు. ఆ తరవాత ఈ పనిలో చెంచాను కలపడానికి తప్ప వాడలేదు. ద్రవాల్ని కూడా మిల్లీలీటర్లలో కాకుండా గ్రాముల్లోనే తూచాను. నూనె నీటికన్నా తేలిక, 100 మిల్లీలీటర్ల బాదం నూనె దాదాపు 92 గ్రాములే ఉంటుంది.

బ్యాచ్ 4: వ్యాక్స్ 5.00 గ్రా., నూనె 20.00 గ్రా., నీరు 75.00 గ్రా. తూకం సరిగ్గా ఉంది. కానీ నూనె భాగం 72 డిగ్రీల సెల్సియస్‌లో ఉండగా, నీటి భాగాన్ని పక్కన పెట్టి మరిచిపోయాను. కలిపేటప్పుడు నీరు 38 డిగ్రీలే ఉంది. నీరు తగలగానే వ్యాక్స్ గడ్డకట్టి ముక్కలైంది. బ్లెండర్ ఆ ముక్కల్ని చిన్నవి చేసిందే తప్ప కరిగించలేదు. గడ్డకట్టిన ఎమల్సిఫయర్ చుక్క చుట్టూ వెళ్లి నిలబడలేదు కదా. రెండు గంటల్లోనే పైన నూనె మెరిసింది. మళ్లీ 72 డిగ్రీలకు వేడి చేసి బ్లెండ్ చేస్తే కొంత కలిసింది గానీ పలుకులు పోలేదు.

బ్యాచ్ 5: రెండు బీకర్లనూ ఒకే గిన్నెలో పెట్టి, రెండింటిలోనూ థర్మామీటర్ 70 చూపాక 20 నిమిషాలు అలాగే ఉంచాను. మైనాలు పూర్తిగా కరగడానికి ఈ సమయం కావాలి. నీటిలోని సూక్ష్మజీవులు కూడా కొంత తగ్గుతాయి, పూర్తిగా మాత్రం చావవు. 72 దగ్గర కలిపాను. ఈసారి నున్నటి క్రీమ్ వచ్చింది.

కానీ తూస్తే 100 గ్రాములకు బదులు 92.1 గ్రాములే ఉంది. 7.9 గ్రాముల నీరు ఆవిరైపోయింది. అంటే 5 శాతం అనుకున్న వ్యాక్స్ నిజానికి 5.4 శాతం అయింది, మిగతా శాతాలు కూడా మారాయి. రెండు బ్యాచ్‌ల మధ్య పోలిక పెట్టడం ఇలాగే కుదరకుండా పోతుంది. అప్పటినుంచి చేసిన మార్పు:

1. ఖాళీ బీకరు బరువు దాని మీదే మార్కర్‌తో రాసుకోవాలి.
2. నీటి భాగాన్ని బీకరుతో కలిపి తూచి, పైన రేకు కప్పి వేడి చేయాలి.
3. 20 నిమిషాల తరవాత మళ్లీ తూచి, తగ్గినంత వేడి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. రేకు కప్పాక నాకు తగ్గింది 1.5 గ్రాముల లోపే.

ఈ బ్యాచ్ విరగలేదు. 19వ రోజున మూత లోపల నల్లటి చుక్కలు కనిపించాయి. బూజు. ప్రిజర్వేటివ్ బదులు విటమిన్ ఇ వేశాను, తప్పు నాదే. విటమిన్ ఇ నూనె ముక్కిపోకుండా ఆపే యాంటీ ఆక్సిడెంట్. సూక్ష్మజీవుల్ని అది ఏమీ చేయలేదు. ఈ ఒక్క మాట మాత్రం దయచేసి గుర్తుంచుకోండి: నీరు ఉన్న ప్రతి క్రీములోనూ ప్రిజర్వేటివ్ ఉండాలి. బూజు కంటికి కనిపించేసరికి చాలా రోజులు గడిచిపోతాయి, బ్యాక్టీరియా అయితే అసలు కనిపించకపోవచ్చు. పైపైన తీసేసి వాడుకోవడం కుదరదు. సీసా మొత్తం పారేశాను.

ఇప్పటిదాకా: 5 బ్యాచ్‌లు, 500 గ్రాములు. నిలిచినవి 0.

దశ 3: హెచ్‌ఎల్‌బీ లెక్క (7 చిన్న సీసాలు, బ్యాచ్ 6)

ఎమల్సిఫయర్ "ఎంత" వేయాలో తెలిసింది. "ఏది" వేయాలో తేల్చుకోవడానికి ఈ దశ. 1949లో రసాయన శాస్త్రవేత్త విలియం గ్రిఫిన్ ఎమల్సిఫయర్లకు ఒక కొలమానం పెట్టాడు. దాని పేరు హెచ్‌ఎల్‌బీ, అణువులో నీటివైపు మొగ్గు ఎంత, నూనెవైపు మొగ్గు ఎంత అని చెప్పే అంకె. అంకె చిన్నదైతే నూనె మొగ్గు, పెద్దదైతే నీటి మొగ్గు. 3 నుంచి 6 మధ్య ఉన్నవి నూనెలో నీటి చుక్కలు ఉండే క్రీములకు, 8 పైన ఉన్నవి నీటిలో నూనె చుక్కలు ఉండే లోషన్లకు పనికొస్తాయి. దీనికి ముందే బాంక్రాఫ్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు: ఎమల్సిఫయర్ ఏ భాగంలో బాగా కరుగుతుందో ఆ భాగమే బయట ఉంటుంది. నాకు ఇది అంకెల కన్నా ఎక్కువ ఉపయోగపడింది. నీరు 75 శాతం, నూనె 20 శాతం ఉన్నా సరే, నూనెలో మాత్రమే కరిగే ఎమల్సిఫయర్ వేస్తే అది నీటిని లోపల పెట్టాలనే చూస్తుంది. అంత నీటిని లోపల ఇమిడ్చలేక విరుగుతుంది.

రెండు ద్రవ ఎమల్సిఫయర్లు తీసుకున్నాను: సార్బిటాన్ ఓలియేట్ (4.3), పాలీసార్బేట్ 80 (15.0). రెండింటినీ కలిపితే మిశ్రమం అంకె వాటి బరువుల నిష్పత్తిలో మధ్యన వస్తుంది. కావలసిన అంకె నుంచి 4.3 తీసేసి, 10.7తో భాగిస్తే పాలీసార్బేట్ వాటా తెలుస్తుంది. ఉదాహరణకు 9 కావాలంటే 4.7ను 10.7తో భాగించాలి: 43.9 శాతం పాలీసార్బేట్, మిగతా 56.1 శాతం సార్బిటాన్ ఓలియేట్.

ఒక్కో సీసా 20 గ్రాములు: నూనె 5 గ్రా., ఎమల్సిఫయర్ మిశ్రమం 1 గ్రా., నీరు 14 గ్రా. అన్నిటినీ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకేలా 60 సెకన్లు కలిపాను. ద్రవం ఎత్తు 40 మిల్లీమీటర్లు. 24 గంటల తరవాత అడుగున తేటగా కనిపించిన పొర ఎత్తు:

- హెచ్‌ఎల్‌బీ 6 (పాలీసార్బేట్ 15.9 శాతం): 21 మి.మీ.
- 7 (25.2): 12 మి.మీ.
- 8 (34.6): 4 మి.మీ.
- 9 (43.9): 3 మి.మీ.
- 10 (53.3): 7 మి.మీ.
- 11 (62.6): 11 మి.మీ.
- 12 (72.0): 16 మి.మీ.

నా నూనెకు 8, 9 మధ్య బాగుంది. ఈ అంకెను ఎవరూ యథాతథంగా తీసుకోవద్దు. నూనె మారితే, షియా బటర్ (షియా గింజల గట్టి కొవ్వు) చేరితే, చివరికి నూనె తెచ్చిన సీసా మారినా ఆ అంకె కొంత మారుతుంది. తీసుకోవాల్సింది పద్ధతిని. 140 గ్రాముల సామానుతో ఒక మధ్యాహ్నం పని, దానివల్ల తరవాత వారాల కొద్దీ వృథా తప్పుతుంది.

ఇంకో సంగతి గమనించాను. వారం తరవాత 8, 9 సీసాల్లో కూడా పైన చిక్కగా, కింద పలచగా అయ్యింది. పచ్చిపాల మీద మీగడ తేలినట్టు. ఇది విరగడం కాదు, మీగడ కట్టడం. సీసా ఊపితే మళ్లీ కలిసిపోయింది. విరిగినది ఎంత ఊపినా నిమిషంలో విడిపోతుంది. ఈ రెండింటికీ మందు వేరువేరు. మీగడ ఎంత వేగంగా తేలుతుందో స్టోక్స్ సూత్రం చెబుతుంది: చుక్క వ్యాసార్థం సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది, చుట్టూ ఉన్న నీరు చిక్కబడితే ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి ఎమల్సిఫయర్ పెంచడం కాదు, చుక్కను చిన్నది చేయాలి, నీటిని చిక్కబరచాలి.

బ్యాచ్ 6: హెచ్‌ఎల్‌బీ 8.5 మిశ్రమం, సెటిల్ ఆల్కహాల్ (క్రీముకు చిక్కదనం ఇచ్చే కొవ్వు ఆల్కహాల్) 2 గ్రా., నీటిని చిక్కబరచడానికి జాంథన్ గమ్ 0.25 గ్రా. ఈ బ్యాచ్ నుంచి ప్రిజర్వేటివ్ తప్పకుండా వేశాను. రెండు తప్పులు జరిగాయి.

మొదటిది, జాంథన్ గమ్ పొడిని నేరుగా నీటిలో చల్లాను. పైపొర తడిసి, లోపల పొడిగా ఉండే ఉండలు కట్టింది. వడకట్టి తూస్తే చాలా భాగం ఉండల్లోనే ఉంది. ముందుగా గ్లిజరిన్‌లో పొడిని తడిపి, ఆ ముద్దలో నీళ్లు పోస్తే ఉండలు కట్టదు. గ్లిజరిన్‌లో అది ఉబ్బదు కాబట్టి గింజలు విడివిడిగా ఉండిపోతాయి.

రెండోది, చుక్క చిన్నది కావాలని బ్లెండర్‌ను ఆపకుండా 6 నిమిషాలు తిప్పాను, తల సగం పైకి తేలుతూనే ఉంది. క్రీమ్ నిండా గాలి. 100 గ్రాములు 138 మిల్లీలీటర్ల చోటు పట్టింది. రెండు రోజుల్లో కిందికి దిగింది, 16వ రోజున అడుగున 2 మి.మీ. నీరు. మార్చిన పద్ధతి:

1. బీకరు సన్నగా, ఎత్తుగా ఉండాలి. బ్లెండర్ తల పూర్తిగా మునగాలి.
2. ముందు బ్లెండర్‌ను వంచి ముంచి, అడుగుకు తట్టి, తలలో ఇరుక్కున్న గాలి బయటికి పోనివ్వాలి. ఆ తరవాతే స్విచ్.
3. 15 సెకన్లు తిప్పడం, 30 సెకన్లు ఆపడం. ఇలా 8 సార్లు, మొత్తం 2 నిమిషాలు.
4. 45 డిగ్రీలకు దిగాక బ్లెండర్ పక్కన పెట్టి గరిటతోనే కలపాలి.

ఇప్పటిదాకా: 6 బ్యాచ్‌లు, 7 చిన్న సీసాలు, 740 గ్రాములు. నిలిచినవి 0.

దశ 4: సెటియరిల్ ఓలివేట్, సార్బిటాన్ ఓలివేట్ (బ్యాచ్ 7, 8)

ఈ రెండూ కలిపి ఒకే ఎమల్సిఫయర్‌గా దొరుకుతుంది. ఆలివ్ నూనె కొవ్వు ఆమ్లాల నుంచి తయారవుతుంది. చల్లారేటప్పుడు చుక్కల చుట్టూ, మధ్యలో పొరలు పొరలుగా ద్రవ స్ఫటికాల అల్లిక కడుతుంది, అందుకే ఒంటికి రాస్తే ఖరీదైన క్రీమ్ లాంటి స్పర్శ. నేను చివరికి దీనితోనే ఉండిపోయాను, కానీ ఇది అడిగే ఓపిక ఎక్కువ.

బ్యాచ్ 7: ఎమల్సిఫయర్ 5 గ్రా., షియా బటర్ 6 గ్రా., బాదం నూనె 14 గ్రా., సెటిల్ ఆల్కహాల్ ముందు 1 గ్రా. 50 డిగ్రీల దగ్గర పాలలా పలచగా ఉంది. టెన్షన్ పడి మళ్లీ వేడి చేసి ఇంకో 2 గ్రాముల సెటిల్ ఆల్కహాల్ వేశాను. మర్నాటికి సీసా తలకిందులు చేసినా జారలేదు. మూడో రోజుకి ఇంకా గట్టి. ఈ అల్లిక పూర్తిగా కట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని అప్పుడు అర్థమైంది. చిక్కదనాన్ని 48 గంటల తరవాతే చూడాలి.

దాంతోపాటు రెండు లోపాలు. చేతి మీద రుద్దితే సబ్బు నురగలా తెల్లటి చారలు, మాయమవడానికి 40 సెకన్ల పైనే పట్టింది. ఎమల్సిఫయర్, కొవ్వు ఆల్కహాల్ ఎక్కువైతే ఇలా అవుతుంది. 9వ రోజుకి సన్నటి రవ్వలాంటి పలుకులు కూడా తగిలాయి. షియా బటర్ మెల్లగా చల్లారితే అందులోని గట్టి కొవ్వులు ముందుగా విడిపోయి స్ఫటికాలు కడతాయి. 100 గ్రాముల క్రీమ్ బల్ల మీద 72 నుంచి 40 డిగ్రీలకు దిగడానికి 35 నిమిషాలు పట్టింది.

బ్యాచ్ 8: ఎమల్సిఫయర్ 4 గ్రా., సెటిల్ ఆల్కహాల్ 1 గ్రా., షియా బటర్ 3 గ్రా. జాంథన్ వేయలేదు, ఒక్కసారికి ఒక్క మార్పే చూద్దామని. కలిపాక బీకరును చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టి గరిటతో కలుపుతూ 14 నిమిషాల్లో 40కి దింపాను. చారలు 15 సెకన్లలో పోయాయి. పలుకులు లేవు. 30 రోజులు నిలిచింది.

ఇప్పటిదాకా: 8 బ్యాచ్‌లు, 940 గ్రాములు. నిలిచింది 1.

దశ 5: బీటీఎంఎస్ (బ్యాచ్ 9)

పూర్తి పేరు బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్. ఇది ధన విద్యుదావేశం ఉన్న ఎమల్సిఫయర్. జుట్టు కండిషనర్లలో ఎక్కువ వాడతారు, ఒంటికి రాస్తే పొడిపొడిగా, హాయిగా ఉంటుంది. అలవాటు ప్రకారం జాంథన్ గమ్ వేశాను. జాంథన్‌ది రుణ ఆవేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తీగలు సాగి, గడ్డలు కట్టాయి. దీనితో చేసేవాళ్లు ఆవేశం లేని హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ వాడాలి. సబ్బు ఆధారంగా ఉన్న ఎమల్సిఫయర్లతోనూ దీన్ని కలపకూడదు. నాకు దశ 4 క్రీమ్ నచ్చింది కాబట్టి దీన్ని ఇక్కడే ఆపాను.

ఇప్పటిదాకా: 9 బ్యాచ్‌లు, 1,040 గ్రాములు. నిలిచింది 1.

దశ 6: పీహెచ్ (బ్యాచ్ 10)

చర్మం పైపొర పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5. 1 గ్రాము క్రీమును 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి స్ట్రిప్ ముంచితే 6 దాటి చూపింది. దాన్ని 5కు దించాలని 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం 1 గ్రాము ఒక్కసారిగా పోశాను. స్ట్రిప్ 3.5 చూపింది. కంగారుగా తినే సోడా ద్రావణం వేస్తే 7 దాటింది. రెండుసార్లు అటూ ఇటూ లాగాక క్రీమ్ పలచబడింది. అందులో చేరిన లవణం ఎంతో కూడా తెలియని సీసాను ఉంచుకోలేదు.

క్రీములో పీహెచ్‌ను నిలబెట్టే పదార్థాలు చాలా తక్కువ. అందుకే ఒక చుక్క కూడా పెద్ద మార్పు తెస్తుంది. ఇప్పుడు 2 శాతం ద్రావణం వాడుతున్నాను. 0.1 గ్రాము వేయడం, బాగా కలపడం, కొలవడం. అంతే.

నా ప్రిజర్వేటివ్ ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్‌ల మిశ్రమం. ఇది విస్తృతమైన పీహెచ్ పరిధిలో పనిచేస్తుంది. ఫినాక్సీఇథనాల్‌కు యూరోపియన్ యూనియన్ పెట్టిన గరిష్ఠ పరిమితి 1 శాతం, 100 గ్రాములకు 1 గ్రాము మిశ్రమం వేస్తే ఆ పరిమితి దాటదు. సోడియం బెంజోయేట్ వాడేవాళ్లకు మాత్రం ఈ దశ ప్రాణం. పీహెచ్ 5 దాటితే దాని బలం బాగా పడిపోతుంది. ఇంకో జాగ్రత్త: పాలీసార్బేట్ ఎక్కువ ఉన్న క్రీములో కొంత ప్రిజర్వేటివ్ ఎమల్సిఫయర్ గుంపుల్లోనే చిక్కుకుపోయి నీటిలో పని చేయడానికి మిగలదు. ఎమల్సిఫయర్‌ను అవసరానికి మించి వేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పటిదాకా: 10 బ్యాచ్‌లు, 1,140 గ్రాములు. నిలిచింది 1.

దశ 7: పరీక్షలు, చివరి కొలతలు (బ్యాచ్ 11)

బ్యాచ్ 8 మిగిలి ఉండగా దాన్ని పరీక్షించాను: 24 గంటలు ఫ్రీజర్‌లో, 24 గంటలు బయట. రెండో విడతకే పైన నూనె మెరుపు కనిపించింది. గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు నూనె చుక్కల్ని ఒకదానిమీదకు ఒకటి నెడతాయి, పొర బలహీనంగా ఉంటే చుక్కలు కలిసిపోతాయి. మామూలు గదిలో నిలిచిన క్రీమ్ కూడా అంత గట్టిది కాదని తేలింది. అందుకే జాంథన్ గమ్‌ను మళ్లీ తెచ్చాను.

100 గ్రాములకు కొలతలు:

నీటి భాగం (76.40 గ్రా.)
- డిస్టిల్డ్ వాటర్ 72.15
- గ్లిజరిన్ 4.00
- జాంథన్ గమ్ 0.25

నూనె భాగం (22.00 గ్రా.)
- బాదం నూనె 14.00
- ఓలివేట్ ఎమల్సిఫయర్ 4.00
- షియా బటర్ 3.00
- సెటిల్ ఆల్కహాల్ 1.00

చల్లారాక (1.60 గ్రా.)
- ప్రిజర్వేటివ్ మిశ్రమం 1.00
- విటమిన్ ఇ 0.30
- సిట్రిక్ యాసిడ్ 2 శాతం ద్రావణం సుమారు 0.30, స్ట్రిప్ చూస్తూ

చేసే వరస:

1. పనిముట్లు, సీసాలు కడిగి ఆరబెట్టి, ఆల్కహాల్ స్ప్రే చేసి ఆరనివ్వాలి. ఆల్కహాల్ ఆరేదాకా దగ్గర్లో మంట ఉండకూడదు.
2. గ్లిజరిన్‌లో జాంథన్ తడిపి, నీళ్లు పోసి కలిపి తూచాలి.
3. రెండు భాగాలూ 70 దాటాక 20 నిమిషాలు ఉంచాలి. నీరు తగ్గినంత మళ్లీ పోయాలి.
4. రెండింటి మధ్య తేడా 3 డిగ్రీల లోపు ఉన్నప్పుడు నూనెను నీటిలో పోస్తూ బ్లెండ్ చేయాలి, 15 సెకన్లు, 30 సెకన్ల విరామం, 8 సార్లు.
5. చల్లటి నీళ్ల గిన్నెలో గరిటతో కలుపుతూ 40కి దింపాలి.
6. చల్లారాక వేయాల్సినవి ఒక్కొక్కటిగా వేసి, పీహెచ్ చూసి, సీసాల్లో నింపాలి. పూర్తిగా చల్లారాకే మూత. లేకపోతే మూత లోపల ఆవిరి చుక్కలు కట్టి, ఆ చుక్కల్లో ప్రిజర్వేటివ్ చాలక బూజు అక్కడే మొదలవుతుంది.
7. మొదట మోచేతి లోపలివైపు కొంచెం రాసి 24 గంటలు చూడాలి.

ఈసారి 200 గ్రాములు చేశాను. పరిమాణం రెట్టింపైతే చల్లారే సమయం కూడా పెరుగుతుందని ముందే లెక్క వేసుకోవాలి. గిన్నెలో నీళ్లు రెండుసార్లు మార్చినా 40కి దిగడానికి 24 నిమిషాలు పట్టింది. ఒక చుక్క క్రీమును గ్లాసు నీళ్లలో వేస్తే పాలలా కరిగిపోయింది, అంటే బయట ఉన్నది నీరే. నూనె బయట ఉన్న క్రీమ్ అయితే ముద్దగానే తేలుతుంది.

నాలుగు 50 గ్రాముల సీసాలు:

- ఎ, గదిలో: 30వ రోజుకి మార్పు లేదు. పీహెచ్ 5.
- బి, 40 డిగ్రీల వెచ్చటి పెట్టెలో: 30వ రోజుకి విరగలేదు, కొంచెం పలచబడింది.
- సి, ఫ్రీజర్‌లో మూడు విడతలు: నూనె తేలలేదు. మూడో విడత తరవాత మెరుపు కొద్దిగా తగ్గింది.
- డి, రోజూ వాడినది, చేతితో కాకుండా చిన్న గరిటతో తీస్తూ: వాసన, రంగు మారలేదు.

మొత్తం: 11 బ్యాచ్‌లు, 7 చిన్న సీసాలు, 1,340 గ్రాములు. నిలిచినవి 2 బ్యాచ్‌లు, 300 గ్రాములు. పారేసినది, పరీక్షలకు పోయినది 1,040 గ్రాములు.

45వ రోజు

బి సీసా మూత తీయగానే పాత నూనె వాసన. నీరు విడలేదు, చుక్కలు కలవలేదు, పీహెచ్ అదే. ఎమల్షన్ నిలిచింది గానీ నూనె ముక్కిపోయింది. 40 డిగ్రీల్లో ఆక్సీకరణ త్వరగా జరుగుతుంది కాబట్టి గదిలో ఉన్న ఎ సీసా కూడా కొన్ని నెలల్లో ఇదే దారి పట్టవచ్చు. బ్యాచ్ 12లో 14 గ్రాముల బాదం నూనెలో 7 గ్రాములు తీసేసి, సంతృప్త కొవ్వు ఆమ్లాలతో ఉండి త్వరగా ముక్కిపోని క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ పెడుతున్నాను. నూనె మారితే హెచ్‌ఎల్‌బీ అవసరం కూడా మారుతుంది, అందుకని ముందు 20 గ్రాముల సీసాలు మూడు. ఎమల్సిఫయర్ 3.5, 4, 4.5 శాతాల్లో. అవి ఈ రోజే కలిపి పెట్టాను. 3.5 సీసాలో సాయంత్రానికి అడుగున 1 మి.మీ. తేట పొర ఉంది.